స్పెయిన్‌లో తపాస్ బార్‌కి వెళ్తున్నారా? మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాడ్రిడ్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాను. బార్సిలోనాలో చదువుకునే పిల్లల్ని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలు, జర్మనీ నుంచి శని, ఆదివారాలకి దిగే సాఫ్ట్‌వేర్ స్నేహితులు, హైదరాబాద్ నుంచి టూర్‌కి వచ్చే చుట్టాలు, అందరి ప్రశ్నలూ దాదాపు ఒకటే. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక అయిపోయింది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

తపాస్ అంటే ఏదైనా ఒక వంటకమా?

కాదు. అది తిండి పరిమాణానికి పేరు. చిన్న పళ్ళెంలో రెండు మూడు ముద్దలకి సరిపడా ఏది పెట్టినా తపానే. నాలుగు ఆలివ్ కాయలూ తపానే, ఒక చెంచాడు పంది చెవి వేపుడూ తపానే. అదే వంటకం పెద్ద పళ్ళెంలో నలుగురు పంచుకునేలా వస్తే ‘రాసియోన్’, అందులో సగమైతే ‘మేదియా రాసియోన్’. మెనూలో ఒకే ఐటమ్‌కి రెండు మూడు ధరలు కనిపిస్తే కంగారు పడకండి, సైజుల తేడా అంతే. ఇద్దరే ఉన్నప్పుడు మేదియా చెప్పండి. రాసియోన్ చెప్పేసి, వచ్చిన పళ్ళెం చూసి గుడ్లు తేలేసినవాళ్ళని చాలామందిని చూశాను.

‘తపా’ అంటే మూత. గ్లాసు మీద రొట్టెముక్కో హామ్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం) ముక్కో మూతలా పెట్టేవారట. ఎందుకు పెట్టారన్నదానికి బోలెడు కథలున్నాయి. ఈగలు పడకుండా అని కొందరు, కాదిస్ తీరంలో 13వ అల్ఫోన్సో రాజుగారి గ్లాసులో ఇసుక పడకుండా అని ఇంకొందరు. దేనికీ గట్టి రుజువు లేదు. మనకి సులువుగా అర్థం కావాలంటే, మందులోకి ‘స్టఫ్’ అంటాం కదా, అదే. కాకపోతే ఇక్కడ స్టఫ్‌దే పెద్దపీట, మందు దానికి తోడు.

బార్ అంటున్నారు. ఆడవాళ్ళం వెళ్ళొచ్చా? పిల్లలు ఉన్నారు మరి?

నిక్షేపంగా. ‘బార్’ అన్న మాట వినగానే మనకి చీకటి గది, పర్మిట్ రూమ్, మగవాళ్ళ గోల గుర్తొస్తాయి. ఇక్కడి బార్ వేరు. పొద్దున ఏడింటికే తెరుస్తారు. ఎనిమిదింటికి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు కాఫీ, టమాటా పూసిన కాల్చిన రొట్టె తింటుంటారు. పదకొండింటికి మార్కెట్ నుంచి వచ్చిన బామ్మలు కబుర్లు పెడతారు. మధ్యాహ్నం భోజనం, రాత్రి తపాస్, అంతా అక్కడే. మన ఇరానీ హోటలూ టిఫిన్ సెంటరూ బారూ కలిపేస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

మా అమ్మ వచ్చినప్పుడు మొదటిరోజు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల తన వయసు ఆవిడ ఒంటరిగా కౌంటర్ దగ్గర నిలబడి వైన్ తాగుతూ టీవీ చూస్తుంటే, రెండు నిమిషాలు చూసి, “సరే పద” అంది. చంటిపిల్లల బండ్లు కూడా లోపలికి వస్తాయి. రాత్రి పదింటికి వీధిలో వేసిన బల్లల మధ్య పిల్లలు బంతాట ఆడుతుంటే ఎవరూ ఏమీ అనరు. మందు మాత్రం 18 ఏళ్ళు నిండినవాళ్ళకే ఇస్తారు. 2011 జనవరి నుంచి లోపల సిగరెట్ కాల్చడం నిషేధం కాబట్టి పొగ బాధ కూడా లేదు.

ఎన్నింటికి వెళ్ళాలి?

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగు మధ్య. రాత్రి భోజనం తొమ్మిది తర్వాత. తపాస్ ఆ రెండింటికీ ముందు: మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో. నాలుగు నుంచి ఎనిమిది దాకా చాలాచోట్ల వంటగది మూసే ఉంటుంది.

నేను వచ్చిన మొదటి వారం సాయంత్రం ఆరున్నరకి ఆకలితో ఒక బార్‌లో దూరి మెనూ మొత్తం చదివి నాలుగు ఐటమ్స్ చెప్పాను. ఆయన ఓపిగ్గా అన్నీ విని, “వంటగది మూసేశాం, చిప్స్ ఉన్నాయి” అన్నాడు. ఆ రాత్రి నా భోజనం చిప్స్, ఆలివ్‌లు.

ఇంత ఆలస్యం ఎందుకంటే చెప్పే కారణాల్లో గడియారం ఒకటి. మ్యాప్‌లో చూస్తే స్పెయిన్ లండన్‌కి సరిగ్గా కింద ఉంటుంది, కానీ గడియారం మాత్రం బెర్లిన్‌ది. 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని ఒక గంట ముందుకి జరిపింది, మళ్ళీ వెనక్కి జరపలేదు. జూన్‌లో మాడ్రిడ్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక గానీ పొద్దు గూకదు. ఎండ ఉండగా రాత్రి భోజనం ఎవరికి తినబుద్ధవుతుంది?

ఒకేచోట హాయిగా కూర్చుని అన్నీ తెప్పించుకుంటే పోదా?

తెప్పించుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ వద్దనే చెబుతాను. రెస్టారెంట్‌కి వెళ్ళినట్టు వెళ్తే తపాస్ బార్ మీకు నచ్చదు. ఇరుకుగా ఉంటుంది, గోలగా ఉంటుంది, కుర్చీలు తక్కువ. ఇక్కడివాళ్ళు ఒక బార్‌లో ఒక గ్లాసు, ఒక పళ్ళెం ముగించి పక్క బార్‌కి వెళ్తారు. అక్కడ ఇంకోటి. దీనికి ‘తపేయార్’ అని ఏకంగా ఒక క్రియాపదమే ఉంది.

ఎందుకంటే మంచి బార్ దేనికైనా చేయి తిరిగిన వంటకం ఒకటో రెండో ఉంటాయి. ఆ ఒక్కటి తినాలి, కదలాలి. లోగ్రోన్యో ఊళ్ళో లౌరెల్ వీధి దీనికి మంచి ఉదాహరణ. సోరియానో అనే బార్‌లో దొరికేది ఒకే ఒక్కటి: పెనం మీద వేపిన మూడు పుట్టగొడుగులు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన చిన్న రొయ్య గుచ్చి, వెల్లుల్లి రసం పోసి రొట్టెముక్క మీద ఇస్తారు. రోజంతా అదే. జనం వీధిలోకి పొంగుతుంటారు. మాడ్రిడ్‌లో సోల్ కూడలి పక్కన కాసా లాబ్రా ఉంది, 1860 నాటిది. అక్కడ పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప ముక్క, కాడ్ క్రోకెతా (లోపల మెత్తటి ముద్దతో వేయించిన చిన్న ఉండ). ఆ రెండింటికోసమే వరుస కడతారు. స్పెయిన్ సోషలిస్టు పార్టీ 1879లో రహస్యంగా పుట్టింది కూడా ఆ గదిలోనే, గోడ మీద పలక ఉంటుంది. చేప పట్టుకుని బయట వీధిలో నిలబడి తింటూ అది చదువుకోవచ్చు.

మెనూ కార్డులో ఫొటోలతో 60 ఐటమ్స్ ఉండి, అందులో పాయెయా (పెద్ద పెనంలో వండే అన్నం వంటకం) కూడా ఉంటే, గుమ్మం ముందు ఒకాయన నిలబడి మిమ్మల్ని ఇంగ్లీషులో లోపలికి పిలుస్తుంటే, ఆ బార్ దాటి ముందుకు నడవండి.

ఏ బార్‌లో ఏది బాగుంటుందో ఎలా తెలుస్తుంది?

పక్కవాళ్ళ పళ్ళాలు చూడండి. నలుగురిలో ముగ్గురు ఒకటే తింటుంటే అదే చెప్పండి, చూపుడువేలుతో చూపించినా చాలు. ఇక్కడ అది మర్యాదతక్కువ కాదు. గోడ మీద సుద్దతో రాసినవి సాధారణంగా ఆ రోజు వండినవి.

డ్రింక్ తీసుకుంటే తిండి ఫ్రీ అట, నిజమేనా?

కొన్ని ఊళ్ళలో నిజం. గ్రనడా, అల్మేరియా, హాయేన్, లియోన్‌లలో డ్రింక్ చెబితే దాంతో తపా ఉచితంగా వస్తుంది. ఆలివ్‌లు కాదు, నిజమైన తిండి: చేపల వేపుడు, చిన్న బర్గర్, మాంసం పులుసు. గ్రనడాలో చాలా బార్లలో రెండో గ్లాసుకి రెండో రకం, మూడోదానికి ఇంకోటి వస్తాయి. మూడు గ్లాసులతో భోజనం అయిపోతుంది. హైదరాబాద్ బార్లలో డ్రింక్‌తోపాటు గుగ్గిళ్ళు, పల్లీలు, కీరా ముక్కలు పెడతారే, ఆ పద్ధతే కాస్త పెద్దస్థాయిలో.

అల్మేరియాలో ఏ తపా కావాలో మీరే ఎంచుకోవచ్చు. గ్రనడాలో మాత్రం చాలాచోట్ల వాళ్ళు ఇచ్చిందే. కాబట్టి శాకాహారులైతే గ్లాసు చెప్పేటప్పుడే ఆ మాట చెప్పేయాలి, పళ్ళెం వచ్చాక చెబితే లాభం లేదు.

మాడ్రిడ్‌లో ఎక్కువగా ఆలివ్‌లు లేదా చిప్స్ పెడతారు. సెవియా, బార్సిలోనా, సాన్ సెబాస్టియన్‌లలో తిండికి డబ్బులివ్వాల్సిందే. బార్సిలోనాలో కూర్చుని ఫ్రీ తపా కోసం ఎదురుచూడకండి.

మేం శాకాహారులం. ఆకలితో చావాలా?

అక్కర్లేదు. కానీ ఒక విషయం బుర్రలో పెట్టుకోండి: పాతకాలపు స్పెయిన్ వంటవాడి లెక్కలో హామ్ ‘మాంసం’ కిందికి రాదు, అది ఉప్పు లాంటిది. “కార్నే (మాంసం) వద్దు” అంటే మటన్, బీఫ్ మానేసి హామ్ ముక్కలు చల్లి ఇస్తాడు. మోసం కాదు, ఆయనకి నిజంగానే తట్టదు. అందుకే “సోయ్ వెహెతరియానో” అని ఆగిపోకుండా, “సిన్ హామోన్, సిన్ అతూన్, సిన్ పెస్కాదో” అని తోక తగిలించండి. హామ్ లేకుండా, ట్యూనా లేకుండా, చేప లేకుండా అని. ఆడవాళ్ళయితే “వెహెతరియానా” అనాలి.

నమ్మకంగా తినదగ్గవి చెబుతాను. ‘పిమియెంతోస్ దె పద్రోన్’ మొదట. చిన్న పచ్చ మిరపకాయల్ని ఆలివ్ నూనెలో పైతోలు బొబ్బలెక్కేదాకా వేయించి గళ్ళుప్పు చల్లుతారు. శనగపిండి లేని మిర్చి బజ్జీ అనుకోండి. కొన్ని కారంగా ఉంటాయి, కొన్ని ఉండవు అని గలీసియాలో ఒక సామెతే ఉంది. గుంటూరువాళ్ళు ఆ కారాన్ని గుర్తుపడతారో లేదో చెప్పలేను. ఆండలూసియా వైపు వెళ్తే ‘బెరెన్హేనాస్ కోన్ మియెల్’ తప్పక తినండి. వంకాయ చక్రాలు కరకరలాడేలా వేయించి పైన తేనె పోస్తారు అంటారు గానీ అది తేనె కాదు, చెరకు పాకం. వంకాయ, బెల్లం కలుస్తాయా అనుకున్నాను. రెండో పళ్ళెం చెప్పాను. సెవియాలో ‘ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్’, అంటే పాలకూర శనగల కూర, జీలకర్ర వాసనతో వస్తుంది. నెల రోజులు ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకి అది తింటే కళ్ళు చెమరుస్తాయి. ఇంకా టమాటా రుద్దిన రొట్టె, వెల్లుల్లితో వేపిన పుట్టగొడుగులు, వేడికాలంలో గాస్పాచో అనే చల్లటి టమాటా సూప్, బాదం, ఆలివ్.

మోసపోయేవి: క్రోకెతాస్ లోపల సాధారణంగా హామ్ ఉంటుంది, పాలకూరవీ పుట్టగొడుగులవీ ఉన్నాయేమో అడగండి. ‘ఎన్సలాదీయా రూసా’ చూడ్డానికి బంగాళదుంప సలాడ్, లోపల ట్యూనా. సాల్మొరేహో చిక్కటి టమాటా సూప్, పైన హామ్, గుడ్డు ముక్కలు చల్లుతారు. సలాడ్ అని రాసి ఉన్నదాంట్లో కూడా ట్యూనా వచ్చే అవకాశం బాగా ఎక్కువ.

మరీ నిష్ఠగా ఉండేవాళ్ళకి రెండు మాటలు. వేపుడు నూనె చాలా బార్లలో ఒకటే, వంకాయా అందులోనే, స్క్విడ్ కూడా అందులోనే. చీజ్‌లు ఎక్కువగా దూడ, గొర్రెపిల్లల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడు పెడతారు. ఎస్త్రెమదూరా ప్రాంతంలో చేసే ‘తోర్తా దెల్ కాసార్’ మాత్రం ఒక ముళ్ళ మొక్క పువ్వుతో తోడు పెట్టే గొర్రెపాల చీజ్. మూత కోసి లోపలి మెత్తటి చీజ్‌ని చెంచాతో తీసుకుని రొట్టెకి రాసుకుంటారు. వెల్లుల్లి తినని వాళ్ళకి మాత్రం నా దగ్గర సలహా లేదు.

గుడ్డు తింటాం. తోర్తీయా తినొచ్చా?

తినొచ్చు, తినాలి కూడా. ఇక్కడి తోర్తీయా అంటే మందపాటి ఆమ్లెట్: గుడ్లు, బంగాళదుంపలు, ఆలివ్ నూనె. ఉల్లిపాయ వేయాలా వద్దా అని దేశం రెండుగా చీలిపోయి వాదించుకుంటుంది. (నేను ఉల్లిపాయ పక్షం.) ఒక్క హెచ్చరిక: మంచి బార్లలో లోపల జారుగా, పచ్చిపచ్చిగా ఉంచుతారు, అదే గొప్ప అంటారు. మన ఇళ్ళలో చాలామందికి ఆ నీచువాసన పడదు. “బియెన్ క్వాహాదా” అనండి, బాగా గట్టిపడినది అని.

పోర్క్ తినం, బీఫ్ తినం. ఎలా గుర్తుపట్టాలి?

సెర్దో, హామోన్, చొరీసో, లోమో, పన్సేతా: ఇవన్నీ పంది. ‘ఇబేరికో’ అన్న మాట ఎక్కడ కనిపించినా పందే. తెర్నేరా, వాకా, బుయే: ఆవు, దూడ, ఎద్దు. ‘రాబో దె తోరో’ ఎద్దు తోక పులుసు. ‘కర్రీయాదా’ అంటే బుగ్గ మాంసం, అది పందిదీ కావచ్చు ఎద్దుదీ కావచ్చు, అడిగి తీరాలి. పోయో కోడి, కోర్దేరో గొర్రెపిల్ల. మాడ్రిడ్‌లో ప్రసిద్ధమైన ‘కాయోస్’ మన బోటి కూర లాంటిదే. తెలంగాణ స్నేహితుడొకడు చూడగానే లొట్టలేశాడు. కానీ అది ఆవు పొట్ట, పైగా చొరీసో కలుపుతారు. ‘మోర్సీయా’ నల్లటి సాసేజ్, రక్తంతో చేసేది.

హలాల్ కావాలంటే సాధారణ తపాస్ బార్‌లో దొరకదు. మాడ్రిడ్‌లో లవాపియెస్ పేటకి వెళ్ళండి. సముద్రపు తిండి తినేవాళ్ళకి మాత్రం దిగుల్లేదు: వెల్లుల్లి నూనెలో కుతకుతలాడుతూ వచ్చే రొయ్యలు, గలీసియా ఆక్టోపస్, స్క్విడ్ వేపుడు. ‘బొకెరోనెస్ ఎన్ వినాగ్రె’ ఒక్కటే గమనించండి, అది వెనిగర్‌లో ఊరిన పచ్చి చేప, పొయ్యి ఎక్కదు.

అలర్జీలు ఉంటే మొహమాటపడకండి. 14 రకాల అలర్జీ పదార్థాల సమాచారం ఇవ్వాలని యూరప్ చట్టం ఉంది, అడిగితే పట్టిక చూపిస్తారు.

కారంగా ఏదైనా దొరుకుతుందా?

దొరకదు. ‘బ్రావాస్’ అంటే ఉగ్రమైనవి అని అర్థం. ఆ పేరు నమ్మి పతాతాస్ బ్రావాస్ చెప్పిన మా బావగారు సగం తిన్నాక “ఇందులో ఉగ్రం ఏది?” అన్నారు. బంగాళదుంప వేపుడు, పైన పొగవాసన మిరపపొడి సాస్. బార్సిలోనా వైపు వెల్లుల్లి మయోనీజ్ కూడా వేస్తారు. ఈ పొడి ‘పిమెంతోన్’. ఎస్త్రెమదూరాలో లా వేరా లోయలో ఓక్ కట్టెల పొగ మీద మిరపకాయలు ఎండబెట్టి దంచుతారు. కొలంబస్ ప్రయాణాలతో అమెరికా నుంచి ఇక్కడ దిగిన మిరపకాయే, తర్వాత పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికి చేరింది. చుట్టరికం ఉంది, ఘాటు మాత్రం మనకే దక్కింది. కారప్పొడి పొట్లం జేబులో వేసుకుని వెళ్ళినా ఎవరూ ఏమీ అనుకోరు.

అందరూ ఒకే పళ్ళెంలో తింటారట. ఎంగిలి కాదా?

అవుతుంది. వాళ్ళకి ఆ పట్టింపు లేదు. నలుగురూ నాలుగు ఫోర్కులతో ఒకే పళ్ళెంలో పొడుస్తారు, చివర్లో ఆ నూనెలోనే రొట్టె అద్దుకుంటారు. స్నేహం అంటే అదే వాళ్ళకి. మీకు పట్టింపు ఉంటే “ప్లాతోస్ పారా కొంపర్తీర్” అనండి, విడి పళ్ళాలు ఇస్తారు. ఎవరూ తప్పుగా అనుకోరు. మా నాన్న అలాగే తిన్నారు. నాలుగో రోజుకి ఆయనే నా పళ్ళెంలోంచి ఆలివ్ తీసుకున్నారు.

ఏం తాగాలి? పెగ్గుల లెక్క ఉంటుందా?

తపాస్‌తో తాగేవి చిన్నవి, తేలికవి. ‘కాన్యా’ అంటే చిన్న గ్లాసు డ్రాఫ్ట్ బీర్, దాదాపు 200 మిల్లీలీటర్లు. అంత చిన్నదేంటి అనకండి. ఎండలో వేడెక్కకముందే అయిపోవాలి, పక్క బార్‌కి నడవాలి. ‘క్లారా’ నిమ్మ సోడా కలిపిన బీర్. మధ్యాహ్నమైతే ‘వెర్ముత్’: మూలికలు వేసిన కాస్త చేదు, కాస్త తీపి వైన్. ఐసు, నారింజ ముక్క, ఒక ఆలివ్ వేసి ఇస్తారు. పాత బార్లలో బీర్‌లాగే పంపు నుంచి పడుతుంది. భోజనానికి ముందు వేళని ఇక్కడ ‘వెర్ముత్ వేళ’ అంటారు, తాగేది వెర్ముత్ కాకపోయినా సరే.

సెవియా, కాదిస్ వైపు షెర్రీ, అక్కడి ఘాటైన వైన్. ‘ఫీనో’, ‘మన్సానీయా’ రెండూ బాగా చల్లగా, ఏమాత్రం తీపి లేకుండా ఉంటాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. స్పానిష్‌లో చామంతి టీని కూడా మన్సానీయా అనే అంటారు. సెవియాలో మా నాన్నకి కడుపు బాగోలేదని ఒక మన్సానీయా చెప్పాను. చల్లటి వైన్ గ్లాసు వచ్చింది. నాన్న మందు ముట్టరు, నేను తాగాల్సి వచ్చింది. టీ కావాలంటే “ఇన్ఫుసియోన్” అన్న మాట ముందు చేర్చండి.

పెగ్గు లెక్క మాత్రం మర్చిపోండి. జిన్, రమ్, విస్కీ చెబితే మామూలు బార్‌లో కొలత గ్లాసు వాడరు. ఐసు నిండిన పెద్ద గ్లాసులో కంటి అంచనాతో పోస్తారు, ధారాళంగా పోస్తారు. మన 60 మిల్లీలీటర్ల పెగ్గుకి తగ్గదు, మించుతుంది. మూడు తాగుదాం అనుకున్నవాళ్ళు ఒకటితో ఆగడం మేలు. కారు అద్దెకి తీసుకుని ఉంటే అసలు ముట్టకండి.

సాంగ్రియా తాగకపోతే స్పెయిన్ వచ్చినట్టేనా?

సాంగ్రియా అంటే పళ్ళ ముక్కలు వేసిన రెడ్ వైన్. ఆ పేరు మీద యూరప్‌లో అమ్మే హక్కు స్పెయిన్, పోర్చుగల్ దేశాల సరుకుకే ఉంది, 2014 యూరోపియన్ చట్టం ప్రకారం. అంత ఘనత ఉన్నా, బార్‌లో సాంగ్రియా కూజా ముందు పెట్టుకున్నవాళ్ళు దాదాపు ఎప్పుడూ టూరిస్టులే. ఊరివాళ్ళు తాగేది ‘తింతో దె వెరానో’, రెడ్ వైన్‌లో సోడానో నిమ్మ సోడానో కలిపినది. ధర సగం, తలనొప్పి తక్కువ. యువకులు వైన్‌లో కోలా కలిపి ‘కాలిమోచో’ అని తాగుతారు. వినడానికి ఘోరం, తాగితే ఫర్వాలేదు.

మందు తాగం. వెళ్తే చిన్నచూపు చూస్తారా?

అస్సలు లేదు. ‘మోస్తో’ అడగండి. పులియని ద్రాక్షరసం, వైన్ గ్లాసులో ఐసు, నారింజ ముక్కతో వస్తుంది. చూసేవాళ్ళకి తేడా తెలియదు. ఆల్కహాల్ లేని బీర్ దాదాపు ప్రతి బార్‌లో ఉంటుంది. కాక్‌టెయిల్ బార్‌లో అయితే ‘సాన్ ఫ్రాన్సిస్కో’: నారింజ, అనాస, నిమ్మ రసాలు, దానిమ్మ సిరప్. మందు లేని కాక్‌టెయిల్ అంటే స్పెయిన్‌లో ముందు వినిపించే పేరు అదే. ఇక మంచినీళ్ళు: 2022 చట్టం ప్రకారం బార్లు కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి. “ఆగ్వా దెల్ గ్రీఫో” అనాలి. వట్టి “ఆగ్వా” అంటే సీసా తెస్తారు, బిల్లు వేస్తారు. మాడ్రిడ్ కుళాయి నీళ్ళు చాలా బాగుంటాయి.

మరి కాక్‌టెయిల్స్ ఎక్కడ? తపాస్ బార్‌లో మొహీతో (రమ్, పుదీనా కాక్‌టెయిల్) చెబితే?

చేసి ఇస్తారేమో, బాగోదు. ఇక్కడ కాక్‌టెయిల్ భోజనం తర్వాతి సంగతి. రాత్రి పదకొండు దాటాక ‘కొక్తెలెరియా’ అని బోర్డున్న చోటికి వెళ్ళాలి. మాడ్రిడ్‌లో గ్రాన్ వియా వీధి 12వ నంబర్‌లో చికోతే ఉంది. 1931లో పెరికో చికోతే అనే బార్‌మన్ తెరిచాడు. హెమింగ్వే, ఆవా గార్డ్‌నర్ లాంటివాళ్ళు కూర్చున్న చోటు. బార్సిలోనాలో రాంబ్లా పక్కన బొయాదాస్, 1933 నాటిది. యజమాని మిగెల్ బొయాదాస్ హవానాలో పుట్టి, అక్కడి ఫ్లోరిదీతా బార్‌లో పని నేర్చుకున్నాడు. అక్కడి బార్‌మన్లు షేకర్ ఊపరు. ఒక చేతిలోని గ్లాసు తలపైకెత్తి, ఇంకో చేతిలో నడుం కిందున్న గ్లాసులోకి ధారగా పోస్తారు. మన టీ బండి మాస్టారు టీ తిరగబోస్తాడు చూడండి, అచ్చం అలాగే. వాడు టీని చల్లారుస్తాడు, వీళ్ళు మందుకి గాలి పట్టిస్తారు. ఇరుకు గది, కూర్చోడానికి పెద్దగా చోటుండదు, అయినా వెళ్ళండి.

కొత్తతరం కావాలంటే బార్సిలోనాలోనే పరదీసో ఉంది. శాండ్‌విచ్ దుకాణంలో ఫ్రిజ్ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాలి. ప్రపంచపు 50 ఉత్తమ బార్ల జాబితాలో 2022లో మొదటి స్థానం దానిదే. మరుసటి ఏడాది ఆ స్థానం అదే ఊళ్ళోని సిప్స్‌కి వెళ్ళింది. రెండుచోట్లా నిరీక్షణ బాగా ఉంటుంది. నాకైతే బొయాదాస్‌లో నిలబడి తాగిన దైకిరీయే గుర్తుండిపోయింది.

సాన్ సెబాస్టియన్‌లో పుల్లలు లెక్కపెడతారట?

బాస్క్ ప్రాంతంలో తపాని ‘పించో’ అంటారు, పుల్ల గుచ్చినది అని. కౌంటర్ నిండా పళ్ళాలు పేర్చి ఉంటాయి. కొన్ని బార్లలో మీరే తీసుకుని తినడం, చివర్లో పుల్లల్ని బట్టి లెక్క. అది మీ నిజాయతీ మీద నడిచే వ్యవహారం, పుల్ల జేబులో వేసుకోకండి. ఇప్పుడు చాలాచోట్ల పళ్ళెం ఇచ్చి ముందే లెక్క రాసుకుంటున్నారు. మొదట ‘హిల్దా’ తినండి: ఒక ఆలివ్, ఊరబెట్టిన మిరపకాయలు, ఉప్పు చేప ఒకే పుల్లకి. 1946 నాటి ఒక హాలీవుడ్ సినిమా కథానాయిక పేరు పెట్టారు, ఆమెలాగే ఘాటు అని. కౌంటర్ మీద ఉన్నవి తిని ఊరుకోకండి, గోడ మీద రాసిన వేడి ఐటమ్స్ అప్పటికప్పుడు చేసిస్తారు, అవే రుచి. చివర్లో లా వీన్యా అనే బార్‌లో చీజ్‌కేక్. పైభాగం మాడినట్టుండి లోపల కారుతుండే ఆ బాస్క్ చీజ్‌కేక్, ఇప్పుడు హైదరాబాద్ కేఫుల్లో కూడా అమ్ముతున్నారు, అది పుట్టింది అక్కడే.

బిల్లు, టిప్పు సంగతి?

తాగినవీ తిన్నవీ అన్నీ అయ్యాక చివర్లో ఒకేసారి కట్టడం పాత పద్ధతి. సెవియాలో 1670 నుంచి ఉన్న ఎల్ రింకోన్సీయోలో మీ లెక్క మీ ముందే చెక్క కౌంటర్ మీద సుద్దతో రాస్తారు. డబ్బులిచ్చాక గుడ్డతో తుడిచేస్తారు. టూరిస్టుల రద్దీ ఉన్నచోట ఇప్పుడు ముందే కట్టమంటున్నారు. కౌంటర్ దగ్గర ఒక ధర, బయట బల్లల దగ్గర కాస్త ఎక్కువ ధర ఉండొచ్చు, మెనూలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. నేనొకసారి చదవకుండా ఎండలో రెండు గంటలు కూర్చుని ఆ అక్షరాల విలువ తెలుసుకున్నాను. అడగకుండా తెచ్చిన రొట్టెకి కూడా బిల్లు పడొచ్చు. వద్దంటే తీసుకెళ్తారు. పన్ను ధరలో కలిసే ఉంటుంది.

టిప్పు తప్పనిసరి కాదు. చిల్లర వదిలితే చాలు. అమెరికా నుంచి వచ్చిన మా కజిన్ 20 శాతం పెడితే, డబ్బులు మర్చిపోయావంటూ వెయిటర్ వీధిలోకి పరిగెత్తుకొచ్చాడు.

స్నేహితులతో వెళ్తే ఒక్కో బార్‌లో ఒక్కొక్కరు కడతారు. మీ వంతు వచ్చినప్పుడు మీరే లేవాలి, గుర్తుంచుకోండి.

స్పానిష్ రాదు. ఎలా పిలవాలి?

వరుస ఉండదు. కౌంటర్ దగ్గర చోటు చేసుకుని నిలబడండి, కళ్ళు కలిస్తే “ఓలా” అనండి. చిటికెలు వేయకండి, “హలో బాస్” అని అరవకండి. “ఉనా కాన్యా, కువాందో పువెదాస్” అంటే ‘వీలున్నప్పుడు ఒక బీర్’ అని, ఆ మాటకి మర్యాద బాగా దక్కుతుంది. “లా క్వెంతా” అంటే బిల్లు. ప్రతి వాక్యానికీ ‘గ్రాసియాస్’ తగిలించాల్సిన పని లేదు, వాళ్ళే అంతగా అనరు. వెయిటర్ నవ్వకుండా ముక్తసరిగా మాట్లాడితే కోపం అనుకోకండి. ఆయన చేతిలో ఏడు పళ్ళాలు, తలలో పదిహేను ఆర్డర్లు ఉన్నాయి, ఒక్కటీ రాసుకోడు.

మాకు మాడ్రిడ్‌లో ఒక్క ఆదివారమే ఉంది. ఎలా గడపమంటారు?

పొద్దున పదకొండింటికి రాస్త్రో సంతకి వెళ్ళండి, పాత సామాన్ల బజారు, కొనకపోయినా తిరగండి. జేబుల మీద చెయ్యి ఉంచండి. ఒంటిగంటకి పైకి నడిస్తే లా లతీనా పేట, కావా బాహా వీధి. సంతలో తిరిగిన ఊరంతా అక్కడే ఉంటుంది. ఒకచోట వెర్ముత్, ఇంకోచోట తోర్తీయా, మరోచోట పద్రోన్ మిరపకాయలు. మూడో బార్ దగ్గర ఆగిపోండి, లేకపోతే సాయంత్రం ఉండదు. ఆదివారం సాయంత్రం చాలా బార్లు మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నమే గట్టిగా తినాలి. గదికి వెళ్ళి ఒక కునుకు తీయండి. తొమ్మిదింటికి కాసా లాబ్రా వైపు వెళ్ళి, తెరిచి ఉంటే ఒక చేప ముక్క, లేదంటే ప్లాసా మయోర్ పక్క సందుల్లో స్క్విడ్ శాండ్‌విచ్. అక్కడి నుంచి చికోతే ఉన్న గ్రాన్ వియాకి పది, పదిహేను నిమిషాల నడక. మెట్రో రాత్రి ఒకటిన్నర దాకా నడుస్తుంది. అది తప్పినా దిగులు పడకండి, సిబేలెస్ కూడలి నుంచి రాత్రి బస్సులు ఉంటాయి.